ఏ ఆకుపచ్చ? జపాన్ బాంబర్ల అసలు రంగులు, గుర్తులు వెతకడం ఎలా

రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ బాంబర్ మోడల్ కిట్ చేతికి రాగానే ఎవరికైనా పుట్టే మొదటి సందేహం, ఏ ఆకుపచ్చ వేయాలని. పెట్టె మీది బొమ్మలో ఒక ఆకుపచ్చ ఉంటుంది, లోపలి కాగితంలో ఇంకో నంబరు ఉంటుంది, పుస్తకం తెరిస్తే మూడోది కనబడుతుంది. ఈ మూడింటిలో ఏది నిజమో తేలుద్దామని కూర్చుంటే నెలలు గడిచినా తేలదు. రంగు డబ్బా ఈ పనిలో ఆఖరి మెట్టు. ముందు అడగాల్సింది ఏ విమానం, ఏ రోజు, ఎక్కడ అని. ఆ మూడూ దొరికితే రంగు సంగతి సగం తేలినట్టే. దొరక్కపోతే ఎంత ఖరీదైన డబ్బా కొన్నా వేసేది ఊహే.

ముందు ఒక్క విమానాన్ని పట్టుకోండి

మిత్సుబిషి జీ4ఎం తీసుకుందాం. అమెరికన్లు పెట్టిన పేరు బెట్టీ. చుట్టలా గుండ్రంగా, బొద్దుగా ఉంటుందని జపాన్ వైమానికులే దీన్ని 'హమాకి', అంటే చుట్ట, అని పిలిచేవారు. 1939 అక్టోబరులో మొదటిసారి ఎగిరింది. యుద్ధం ముగిసేలోగా దాదాపు 2,400 తయారయ్యాయి. ఇప్పుడు 'బెట్టీ రంగేమిటి' అని అడిగితే జవాబు లేదు. 1941 డిసెంబరు 10న మలయా తీరంలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే బ్రిటిష్ యుద్ధనౌకల్ని ముంచిన రోజున కనోయ దళం బెట్టీల వీపు మీద ఆకుపచ్చ, మట్టి రంగు కలగలిసిన పట్టీలు ఉండేవి. 1943 నాటికి పైనంతా ఒకటే ముదురు ఆకుపచ్చ, పొట్టకింద రంగు వేయని లోహం మామూలైపోయింది. 1945 ఆగస్టు 19న లొంగుబాటు మాటలకి జపాన్ ప్రతినిధుల్ని ఇయె షిమా ద్వీపానికి మోసుకొచ్చిన రెండు బెట్టీలకి ఒళ్లంతా తెల్ల సున్నం కొట్టినట్టుంటుంది, ఎర్ర సూర్యుడి చోట ఆకుపచ్చ శిలువలు. నాలుగేళ్లలో ఒకే రకం విమానానికి మూడు వేషాలు.

అందుకని మొదటి రోజే ఒక కాగితం తీసి పైన ఒక్క వాక్యం రాయండి. ఉదాహరణకి: 'మిత్సుబిషి జీ4ఎం1, 705వ దళం, తోక మీద 323, బూగన్‌విల్, 1943 ఏప్రిల్ 18.' జపాన్ నౌకాదళ అడ్మిరల్ యమమొతో ప్రాణం పోయిన విమానం ఇది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇలాంటి పేరున్న విమానమే మేలని నా అభిప్రాయం. ప్రసిద్ధమైనదానికి సాక్ష్యం ఎక్కువ, తప్పుడు బొమ్మలు ఇంకా ఎక్కువ, రెండింటినీ వేరుచేయడం అక్కడే అలవాటవుతుంది.

మనవాళ్లకి దగ్గరి ఉదాహరణ ఇంకొకటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన నకజిమా బీ5ఎన్ విమానాలు. మిత్రపక్షాల పేరు కేట్. ఆనాడు జపాన్ వాళ్లు వేసిన బాంబు షెల్ ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. ఆ కేట్ తోక మీద ఏం రాసి ఉండేదో వెతకడం 323 కంటే కష్టం. కష్టమైనది రెండోసారికి ఉంచుకోండి, కానీ దాన్ని కూడా దారిలో చూస్తూ పోదాం.

పేర్లు, తేదీలు సరిచేసుకోండి

బెట్టీ, కేట్, శాలీ లాంటివి జపాన్ పేర్లు కావు. ఆస్ట్రేలియాలో పనిచేసిన అమెరికన్ ఇంటెలిజెన్స్ అధికారి ఫ్రాంక్ మెకాయ్ బృందం గుర్తుపెట్టుకోవడానికి పెట్టినవి. ఫైటర్లకి మగ పేర్లు, బాంబర్లకి ఆడ పేర్లు. జపాన్ కాగితాల్లో బెట్టీ అని వెతికితే ఒక్క ముక్క దొరకదు. అక్కడ అది 'ఇష్షికి రికుజో కొగెకికి', ఒకటో రకం భూస్థావర దాడి విమానం. వాడుకలో రిక్కో.

ఆ 'ఒకటో రకం' లెక్కేమిటంటే, జపాన్ వాళ్లు తమ సామ్రాజ్య సంవత్సరం చివరి అంకెలతో విమానానికి రకం పెట్టేవారు. సామ్రాజ్య సంవత్సరం 2601 మన 1941. కాబట్టి 1941లో సైన్యంలోకి తీసుకున్నది ఒకటో రకం. 2597లో, అంటే 1937లో తీసుకున్నది 97వ రకం. ఇక్కడే ఒక చిక్కు. నేవీ కేట్ 97వ రకమే, ఆర్మీ శాలీ, అంటే మిత్సుబిషి కి-21, కూడా 97వ రకమే. ఉత్త '97' చూసి సంబరపడొద్దు. పూర్తి పేరు చదవండి.

కాగితాల మీద తేదీలు షోవా సంవత్సరాల్లో ఉంటాయి. షోవా అంకెకి 1925 కలిపితే మన సంవత్సరం వస్తుంది: షోవా 17 అంటే 1942. మరో సంగతి, జపాన్ నేవీ ప్రపంచంలో ఎక్కడున్నా టోక్యో గడియారమే వాడేది. పెర్ల్ హార్బర్ దాడి హవాయిలో డిసెంబరు 7, జపాన్ రికార్డుల్లో డిసెంబరు 8. ఈ చిన్న విషయం తెలియక సరైన పెట్టె పక్కనే నిలబడి తప్పు పెట్టె తెరిచేవాళ్లున్నారు.

ఫోటోని చదవడం

అసలు పని ఇక్కడుంది. తీరిగ్గా చేయండి.

యుద్ధకాలపు ఫోటోలు దాదాపు అన్నీ నలుపు తెలుపు. నలుపు తెలుపులో రంగు ఉండదు కదా అనుకుంటాం గానీ, చూసే పద్ధతి తెలిస్తే రంగు గురించి చాలానే చెబుతుంది. ముందు తెలుసుకోవాల్సింది ఫిల్ము ఏ రకమని. ఆ రోజుల్లో రెండు రకాల ఫిల్ము వాడుకలో ఉండేది. ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు దాదాపు కనబడదు, అందుకని ఎరుపు నల్లగా పడుతుంది. పసుపు కూడా ముదిరిపోతుంది, నీలం మాత్రం తేలిపోయి తెల్లబడుతుంది. పాన్‌క్రొమాటిక్ ఫిల్ము మన కంటికి దగ్గరగా చూస్తుంది.

ఏ ఫిల్మో తేల్చడానికి జపాన్ విమానమే మనకో కొలబద్ద ఇస్తుంది: హినోమారు, ఆ ఎర్రటి సూర్యబింబం. దాని రంగు ఎరుపని మనకి ముందే తెలుసు. బింబాన్ని దాని చుట్టూ ఉన్న ముదురు ఆకుపచ్చతో పోల్చండి. బింబం ఆకుపచ్చ కంటే నల్లగా ఉంటే ఆర్థో అనుకోవచ్చు. ఆకుపచ్చ కంటే లేతగా, బూడిద రంగులో ఉంటే పాన్. కెమెరాకి ఎర్ర ఫిల్టరు పెట్టి ఉంటే ఇంకా తెల్లబడుతుంది.

ఇదంతా దేనికంటే, పెర్ల్ హార్బర్ మీదికెళ్లిన ఆరు విమానవాహక నౌకల విమానాలకి తోక ముందు, ఒంటి చుట్టూ పట్టీలుండేవి. అకాగికి ఒక ఎర్ర పట్టీ, కాగాకి రెండు. సోర్యూకి ఒక నీలి పట్టీ, హిర్యూకి రెండు. షోకాకుకి ఒక తెల్ల పట్టీ, జుయికాకుకి రెండు. ఇప్పుడు మీ చేతిలో ఆర్థో ఫిల్ము ఫోటో ఉంది, విమానం మీద ఒక తెల్లటి పట్టీ ఉంది అనుకోండి. అది షోకాకు తెలుపు కావచ్చు, సోర్యూ నీలం కావచ్చు. రెండూ ఫోటోలో ఒకలాగే ఉంటాయి. ఫిల్ము సంగతి చూడకుండా 'తెల్ల పట్టీ, కాబట్టి షోకాకు' అని రాసేస్తే నౌకే మారిపోతుంది. అలాగే 1942 నుంచి రెక్కల ముందంచుకి వేసిన పసుపు గుర్తింపు పట్టీ ఆర్థోలో ముదిరి ఆకుపచ్చలో కలిసిపోతుంది. కనబడలేదు కాబట్టి లేదనడానికి లేదు.

రెండోది లోహం. పొట్టకింద రంగు వేయకుండా వదిలిన అల్యూమినియం ఎండ పడ్డచోట తెల్లగా, నీడలో నల్లగా పడుతుంది. దాన్ని బూడిద రంగు పూతతో పొరబడటం చాలా తేలిక. రేకుల అతుకుల దగ్గర చూడండి. పక్కపక్క రేకులు వేర్వేరు ఛాయల్లో ఉంటే, నేల ప్రతిబింబం ఒంటి మీద మెరుస్తుంటే, అది లోహం. రంగు వేసిన ఒళ్లు అంతటా ఒకే తీరుగా ఉంటుంది.

మూడోది, ఫోటో ఎప్పటిది. విమానానికి ప్రొపెల్లర్లు లేకుండా బారులు తీరి ఉంటే అది చాలావరకు 1945 ఆగస్టు తర్వాతది. లొంగిపోయాక విమానాలు ఎగరకుండా ప్రొపెల్లర్లు ఊడదీయించారు. మలయాలో తీసిన కొన్ని ఫోటోల్లో జపాన్ విమానాల ఒంటి మీద బ్రిటిష్ సాంకేతిక ఇంటెలిజెన్స్ విభాగం అక్షరాలు కనబడతాయి. వాటి మీద రంగులు పట్టుకున్నవాళ్లు వేసినవి. ఫిలిప్పీన్స్‌లోని క్లార్క్ ఫీల్డ్‌లో అమెరికన్లు చాలా విమానాల్ని రంగు గీకేసి సొంత గుర్తులు వేసుకున్నారు. వాటిని చూసి జపాన్ రంగు చెప్పలేం.

జపాన్ పత్రికల్లో యుద్ధకాలంలో వచ్చిన ఫోటోల్లో తోక నంబర్లు సెన్సారు వాళ్లు చెరిపేయడం మామూలు. తోక ఖాళీగా కనబడితే ఆ చోటు మసకగా ఉందేమో, చుట్టూ గీతలున్నాయేమో భూతద్దం పెట్టి చూడండి. ఫోటో ఎడమకుడి తిరగబడి ముద్రితమైందేమో కూడా చూసుకోండి. తోక అంకెలు చూస్తే వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు కంప్యూటరు రంగులద్దిన ఫోటోలు వరదలా వస్తున్నాయి. చూడటానికి బాగుంటాయి. సాక్ష్యంగా మాత్రం వాటి విలువ సున్నా. అందులో ఆకుపచ్చ ఏదైతేనేం, అది యంత్రం అనుకున్న ఆకుపచ్చ. పుస్తకాల్లోని రంగు బొమ్మల సంగతి కూడా దగ్గరదగ్గర ఇంతే. ఒక చిత్రకారుడు ఒక ఫోటో చూసి ఊహించి గీస్తాడు, ఇరవై ఏళ్ల తర్వాత ఇంకొకరు ఆ బొమ్మ చూసి గీస్తారు, కిట్ కంపెనీ ఈ రెండో బొమ్మ చూసి డీకాల్ ముద్రిస్తుంది. మూడు చోట్ల ఒకేలా ఉందని మనం నిజమనుకుంటాం. బొమ్మ కనబడితే దాని వెనక ఫోటో ఏదని అడగండి. ఫోటో లేకపోతే ఆ బొమ్మని పక్కన పెట్టండి.

తోక మీద రాత

నేవీ విమానం తోక మీద అక్షరం, గీత, మూడంకెల సంఖ్య ఉంటాయి. ఈ మూడంకెల్లో మొదటిది విమానం చేసే పని చెబుతుంది. 1తో మొదలైతే ఫైటర్, 2 అయితే డైవ్ బాంబర్, 3 అయితే టార్పెడోలు, బాంబులు మోసే దాడి విమానం. పెర్ల్ హార్బర్ మీద దాడిని నడిపిన ఫుచిదా ఎక్కిన కేట్ ఎ ఐ-301. యమమొతో బెట్టీ 323. ఆయన చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఉగాకి ఎక్కిన, అదే రోజు సముద్రంలో కూలిన రెండో బెట్టీ 326. అన్నీ మూడువందల వాళ్లే.

ముందున్న అక్షరాలు దళాన్ని చెబుతాయి. యుద్ధం మొదట్లో విమానవాహక నౌకలకి ఇంగ్లిషు అక్షరం, పక్కన రోమన్ అంకె (ఐ అంటే ఒకటి). అక్షరం నౌకాదళ విభాగం, అంకె అందులో నౌక వరస. అకాగి ఎ-ఒకటి, కాగా ఎ-రెండు, సోర్యూ బి-ఒకటి, హిర్యూ బి-రెండు, షోకాకు ఇ-ఒకటి, జుయికాకు ఇ-రెండు. నేల మీది బాంబర్ దళాలకి ఊరిపేరు మొదటి అక్షరం వాడేవారు: కనోయకి కె, గెంజాన్‌కి జి, మిహోరోకి ఎం.

1942 నవంబరు 1న ఊరిపేర్లు పోయి అంకెలొచ్చాయి. కనోయ 751 అయింది, గెంజాన్ 755, మిహోరో 701, తకావో 753, మిసావా 705. కాబట్టి 1943 ఏప్రిల్ విమానానికి 'మిసావా దళం' అని రాసిన పుస్తకం కనబడితే ఆ రచయిత మిగతా మాటల్ని కూడా కాస్త జాగ్రత్తగా తీసుకోండి. 1944 తర్వాత కొన్ని దళాలు తమ అంకెనే నేరుగా తోక మీద రాసేశాయి. ఓకా అనే మానవ బాంబుల్ని మోసుకెళ్లిన 721వ దళం తోకలు చూస్తే 721 అని ఉంటుంది.

ఇప్పుడు విశాఖ కేట్ దగ్గరికొద్దాం. ర్యూజో విమానాల తోక గుర్తు ఏమిటి? 1942 జూన్‌లో అల్యూషియన్ దీవుల్లో, అకుటాన్ అనే దీవిలో, ర్యూజో జీరో ఫైటర్ ఒకటి బురదలో దిగి బోల్తాపడింది. పైలట్ కొగా చనిపోయాడు, విమానం దాదాపు చెక్కుచెదరకుండా అమెరికన్లకి చిక్కింది. దాని తోక మీద డి ఐ-108. డి అంటే నాలుగో విభాగం, ఒకటి అంటే అందులో మొదటి నౌక, 108 అంటే ఫైటర్. దీన్నిబట్టి రెండు నెలల ముందు విశాఖ మీద ఎగిరిన కేట్ తోక మీద డి ఐ, ఆ తర్వాత మూడువందల అంకె ఉండాలి. ఉండాలి అంటున్నాను, ఉంది అనడం లేదు. మీ కాగితంలో ఈ రెండు మాటల మధ్య గోడ కట్టండి. డి ఐ అన్నది తర్కం ప్రకారం వచ్చింది, మూడువందల్లో ఏ అంకో తెలియాలంటే ఆ రోజు ఫోటో కావాలి.

ఆర్మీ విమానమైతే

ఇక్కడ తోక రాత చదివే పద్ధతే వేరు. ఆర్మీ దళాన్ని సెంతాయ్ అంటారు. తోక మీద సెంతాయ్ గుర్తు ఉంటుంది. చాలాసార్లు అది దళం సంఖ్యనే ముగ్గులా మెలితిప్పి గీసిన బొమ్మ. గుర్తు రంగు సెంతాయ్ లోపలి విభాగాన్ని చెబుతుంది. మొదటి దానికి తెలుపు, రెండో దానికి ఎరుపు, మూడో దానికి పసుపు అన్నది మామూలు లెక్క. మినహాయింపులు బోలెడు, కాబట్టి దీన్ని సూత్రంలా పట్టుకోవద్దు.

తేదీ పట్టడానికి ఆర్మీ బాంబర్లలో రెండు మంచి ఆనవాళ్లున్నాయి. ఒకటి, యుద్ధం మొదట్లో వీటికి హినోమారు రెక్కల మీదే ఉండేది, ఒంటి పక్కల మీద ఉండేది కాదు. ఒంటి మీదికి అది 1942లో వచ్చింది. రెండు, తోక ముందు ఒంటి చుట్టూ తెల్ల పట్టీ యుద్ధరంగంలో ఉన్న విమానానికి గుర్తు. దాన్ని చూసి ఫలానా దళమని చెప్పకూడదు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు వేసిన కి-21లకి ఒంటి మీద ఎర్ర బింబం గీసిన మోడళ్లు కనబడుతూనే ఉంటాయి. ఆనాటి రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు వేలల్లో ఉండేవారు, బర్మా నుంచి నడిచొచ్చినవాళ్ల కుటుంబాలు ఇప్పటికీ ఉత్తరాంధ్రలో ఉన్నాయి. ఆ విమానాన్ని చేసేవాళ్లు మనవాళ్లలో ఎవరైనా ఉంటే ఆ బింబం మాత్రం చెరిపేయండి.

ఇప్పుడు రంగు

ఇంతదాకా వచ్చాక ప్రశ్న చిన్నదైపోయింది. 'జపాన్ ఆకుపచ్చ ఏది' అనేది పోయి, 'మిత్సుబిషి కర్మాగారంలో తయారై, 1943 ఏప్రిల్‌లో 705వ దళంలో ఉన్న బెట్టీ పై భాగం ఏమిటి' అనేది మిగిలింది.

నేవీకి రంగుల ప్రామాణిక పట్టిక ఉండేది. ఒక్కో రంగుకి అక్షరం, అంకె. ముదురు నల్లాకుపచ్చకి డి1, బూడిద రంగుకి జె3. పేరు ఒకటే అయినా కర్మాగారాన్నిబట్టి ఛాయ మారేది. అందుకే జపాన్ రంగుల బ్రాండ్ మిస్టర్ కలర్ ఒకే నేవీ ఆకుపచ్చని రెండు డబ్బాల్లో అమ్ముతుంది: 15వ నంబరు నకజిమాది, 124వ నంబరు మిత్సుబిషిది. బెట్టీ మిత్సుబిషి తయారీ కాబట్టి 124, కేట్ నకజిమా కాబట్టి 15 అని మొదలుపెట్టొచ్చు. తమియా వాడేవాళ్లు ఎక్స్‌ఎఫ్-11 నేవీ ఆకుపచ్చతో మొదలుపెట్టొచ్చు.

చాలామంది అమెరికన్ ఫెడరల్ స్టాండర్డ్ రంగుల పట్టిక నంబర్లతో జపాన్ రంగుని చెబుతారు. ఆ పట్టిక 1956లో వచ్చింది. జపాన్‌లో ఎవరూ దాన్ని చూసి రంగు కలపలేదు. దగ్గరి పోలిక చెప్పడానికి పనికొస్తుంది, అంతకుమించి దానికి విలువ ఇవ్వొద్దు.

శిథిలాల మీద మిగిలిన పూత అన్నిటికంటే గట్టి సాక్ష్యమని అందరూ అంటారు. నిజమే, ఎక్కడి ముక్కో చూసుకుంటే. ఎనభై ఏళ్లు ఎండకి, వానకి నిలబడ్డ పై పూత సున్నంలా పొడిబారి అసలు రంగు కంటే లేతగా మారుతుంది. రేకు మీద రేకు కప్పినచోట, మూత కింద, గుర్తు పూత కింద దాగిన రంగే అసలుకి దగ్గర. లోపలి భాగాల్లో నీలం ఆకుపచ్చ కలిసిన గాజులాంటి పూత కనబడితే కంగారుపడొద్దు. అది ఆఒతకె, తుప్పు పట్టకుండా లోహం మీద వేసిన పారదర్శక లక్క. కింది అల్యూమినియం మెరుపు దాని గుండా కనబడుతుంది. దాన్ని మామూలు ఆకుపచ్చ రంగుతో వేస్తే చచ్చుగా ఉంటుంది. ముందు వెండి రంగు వేసి, పైన పలచటి నీలాకుపచ్చ పూత వేయాలి.

యమమొతో విమానం శిథిలాలు బూగన్‌విల్ అడవిలో ఇంకా ఉన్నాయి. రెక్క భాగం ఒకటి జపాన్‌లో ఆయన సొంతూరు నగావొకలోని స్మారక మ్యూజియంలో ఉంది. పాపువా న్యూ గినీలో యుద్ధ శిథిలాలకి చట్టం కాపలా ఉంది, కాబట్టి 'అసలు బెట్టీ ముక్క' అని ఆన్‌లైన్లో అమ్మకానికొచ్చేది నిజమైనదైతే దొంగది, దొంగది కాకపోతే నకిలీది అయ్యే అవకాశమే ఎక్కువ. రంగు కోసం ఎవరూ దాన్ని కొనక్కర్లేదు.

మ్యూజియంలో విమానం చూసేటప్పుడు దానికి ఎవరు, ఎప్పుడు మళ్లీ రంగు వేశారో కనుక్కోండి. వాషింగ్టన్ దగ్గర ఉడ్వర్ హేజీ కేంద్రంలో ఉన్న సెయిరాన్, టోక్యో యసుకుని ఆవరణలో ఉన్న సుయిసెయ్, ఫుజీ పర్వతం దగ్గర కవగుచికోలో ఉన్న బెట్టీ, ఇవన్నీ బాగుచేసి మళ్లీ రంగేసినవి. బాగుచేసినవాళ్ల పరిశోధన గొప్పదే కావచ్చు. మనకి కావాల్సింది వాళ్ల రంగు కంటే, రంగు తీసేముందు వాళ్లేం చూశారన్న నివేదిక.

పూత ఊడిపోవడం గురించి ఒక మాట. జపాన్ విమానమంటే పైనుంచి కిందిదాకా ఆకుపచ్చ రాలి వెండి మచ్చలు కనబడాలని ఒక మోజు నడుస్తోంది. యుద్ధరంగంలో హడావిడిగా లోహం మీద నేరుగా వేసిన రంగు అలా రాలిన మాట నిజం. అలాగని ప్రతి విమానం గజ్జి పట్టినట్టు ఉండదు. మీ విమానం ఫోటో ఎంత రాలిందని చెబితే అంతే రాల్చండి. ఫోటో లేకపోతే తక్కువే రాల్చండి.

ఎక్కడ వెతకాలి

కాగితాల కోసం మొదట ఆసియా చారిత్రక రికార్డుల జపాన్ కేంద్రం. 2001 నుంచి ఆన్‌లైన్లో ఉంది, ఉచితం. టోక్యోలోని రక్షణ అధ్యయన సంస్థ దగ్గరున్న యుద్ధ చర్యల నివేదికలు అందులో చూడొచ్చు. ఏ రోజు ఎన్ని విమానాలు లేచాయి, ఎవరెవరు ఎక్కారు, ఎప్పుడు దిగారు, ఏమైంది అన్నది పట్టికల్లో ఉంటుంది. రంగులు ఉండవు. ఆ రోజు ఆ దళం అక్కడుందా లేదా అన్నది మాత్రం ఖాయంగా తేలుతుంది. 1945 ఆగస్టులో జపాన్ వాళ్లు గుట్టలకొద్దీ కాగితాలు తగలబెట్టారు కాబట్టి ఖాళీలు తప్పవు. జపనీస్ రాకపోయినా ఫోన్ కెమెరా అనువాదంతో పట్టికలు చదవొచ్చు. చేతిరాత నివేదికలకి మాత్రం చదవగలిగిన మనిషి కావాలి.

ఫోటోల కోసం కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్, లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్. న్యూ గినీ, సోలమన్ దీవుల్లో కూలిన బాంబర్ల ఫోటోలు కాన్‌బెర్రాలో బాగా దొరుకుతాయి. పుస్తకంలో కత్తిరించి వేసిన ఫోటోకి అసలు పూర్తి ప్రతి ఇక్కడ దొరికితే అంచుల్లో ఎన్నో బయటపడతాయి. మిత్రపక్షాల సాంకేతిక ఇంటెలిజెన్స్ బృందాలు కూలిన విమానాల దగ్గరికెళ్లి తయారీ పలకలు, నంబర్లు, కొన్నిసార్లు రంగులు కూడా రాసుకున్నాయి. ఆ నివేదికల్లో 'లేత ఆకుపచ్చ' అని ఉంటే, రాసినవాడు చూసింది ఎండిన పూతా తడిసిన పూతా అని ఆలోచించండి.

ఫైలు మూసే ముందు

రంగు కలపడానికి కూర్చునే ముందు ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో విమానం భాగం, రెండో దాంట్లో రంగు లేదా గుర్తు, మూడో దాంట్లో ఎలా తెలిసింది. మూడో గడిలో నాలుగు మాటలే వాడండి: ఫోటో, కాగితం, శిథిలం, ఊహ. 323కి రాసి చూద్దాం. తోక సంఖ్య: 323, శిథిలం. దళం: 705, కాగితం. పై భాగం: ముదురు ఆకుపచ్చ, అదే దళం అదే నెలల ఫోటోలు. పొట్ట: లోహం, అవే ఫోటోలు. బింబం చుట్టూ తెల్ల అంచు ఎంత వెడల్పు: ఊహ. రెక్కల ముందంచు పసుపు పట్టీ పొడవు: ఊహ. తోక మీద అంకె ముందు అక్షరం ఉందా: శిథిలాల ఫోటోలు మీరే చూసి రాయాల్సిన గడి.

ఊహ అని రాసిన గడుల్లో అదే కర్మాగారం, అదే నెలల విమానాల్లో ఎక్కువ కనబడేదాన్నే తీసుకోండి. విచిత్రంగా ఉంది, బాగుంటుంది అని తీసుకోవద్దు. 1/72 స్కేలు మోడల్‌కి డబ్బాలోంచి తీసిన రంగు కాస్త నల్లగా తోస్తుంది, రెండు చుక్కలు లేత బూడిద కలపండి. అంతకంటే కలిపితే బొమ్మ పాలిపోతుంది.

మోడల్ కింద పెట్టే చీటీ మీద విమానం పేరు, తేదీ రాసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఈ మాట కూడా వేయండి: 'తోక సంఖ్య, దళం రుజువైనవి, ఆకుపచ్చ ఛాయ, తెల్ల అంచు అంచనా.' విశాఖ కేట్ చేసినవాళ్లైతే 'డి ఐ తర్కం, మూడంకెలు ఊహ' అని రాసి, ఏప్రిల్ 6 ఫోటో ఎప్పుడైనా బయటపడితే మార్చుకోవడానికి ఆ అంకెల డీకాల్ మీద వార్నిష్ వేయకుండా వదిలేయండి.